పెదవులు చూసి విన్న పాట

"ఇవాళ గ్రేవీ నీళ్లలా ఉందేంటి?" అన్నాడు నెవిల్, గరిటె ఎత్తి ధార చూస్తూ.

నీళ్లలా ఏం లేదు. చిక్కగా ఉన్నప్పుడు మూడుసార్లు పిలిస్తే ఆయన రాలేదు. గట్టిపడిపోతుంటే కాసిని వేడినీళ్లు పోసి కలిపింది గేనర్. ఆ మాట పైకి అనలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఆమె పొద్దున ఏడింటికే వంటింట్లోకి వెళ్లింది. మాంసం పొయ్యిలో పెట్టి, దుంపలు చెక్కు తీసి, బఠాణీలు ఒలిచి, పిండి కలిపి పక్కన పెట్టి, మధ్యలో అత్తగారు విన్నీకి స్నానం చేయించి, కూతురి స్కూలు బట్టలు ఇస్త్రీ చేసింది. అన్నీ బల్ల మీద సర్దాక మెట్ల దగ్గర నిలబడి "చల్లారకముందే రండి" అని కేకేసింది. పద్దెనిమిదేళ్లుగా ఆ మెట్ల దగ్గర నిలబడి రోజూ అదే కేక. ముందు పద్నాలుగేళ్ల బ్రయొనీ చెవుల్లో పాటలు పెట్టుకుని దిగింది. ఫుట్‌బాల్ వార్తలు చివరి పేజీ దాకా చదివాక భర్త నెవిల్ దిగాడు. కుర్చీలో వాళ్లిద్దరూ కూర్చున్నాక, విన్నీ పళ్లెంలో మాంసం చిన్న చిన్న ముక్కలు కోసిపెట్టాక, ఉప్పు తెచ్చాక, మళ్లీ నీళ్లు తెచ్చాక గేనర్ కూర్చుంది. అప్పటికి ఆమె పళ్లెంలోది చల్లారిపోయింది.

హాలిఫాక్స్‌లో ఆ కొండవాలు వీధిలో అందరూ ఆమెని అదృష్టవంతురాలనే అంటారు. నెవిల్ తాగడు, కొట్టడు, మిఠాయిల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, సాయంత్రం అయిదున్నరకి ఇంట్లో ఉంటాడు. "అంతకంటే ఏం కావాలే నీకు?" అని ఆమె అక్క ప్రతి క్రిస్మస్‌కీ అడిగేది. నిజమే, ఏం కావాలో గేనర్‌కి కూడా సరిగ్గా తెలిసేది కాదు. ఆ ఇంట్లో ఆమె చేయాల్సిన పనుల్లో కృతజ్ఞత కూడా ఒకటి. గిన్నెలు తోమడం, బట్టలు ఆరెయ్యడం, కృతజ్ఞతగా ఉండటం. మిగతా పనులకి మధ్యలో కాస్త విరామం ఉంటుంది, దానికి అదీ లేదు.

పెళ్లికి ముందు నుంచే నెవిల్‌కి ఒక బ్యాండ్ ఉండేది. నలుగురు మగవాళ్లు, వెనకాల డ్రమ్ముల పక్కన నీడలో వంతపాడుతూ గేనర్. పాటలకి మాటలు ఆమే రాసేది. బస్ టిక్కెట్ల వెనక, మందుల చీటీల వెనక రాసిచ్చేది. పెళ్లయ్యాక వాళ్లు వేసిన ఒకే ఒక్క రికార్డు మీద "పాటలు: ఎన్. హోల్‌రాయిడ్" అని వచ్చింది. "ఇద్దరి ఇంటిపేరూ అదే కదా, నువ్వూ అందులోనే ఉన్నావ్‌లే" అని నవ్వాడు నెవిల్. బాగుంది కదా జోకు అన్నట్టు అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బ్రయొనీ పుట్టాక అత్తగారు విన్నీ ఒకరోజు ఉయ్యాల పక్కన నిలబడి అంది: "ఒక చేత్తో ఉయ్యాలా, ఇంకో చేత్తో మైకూ పట్టుకోలేవు పిల్లా. ఏదో ఒకటి కింద పెట్టు." గేనర్ మైకు కింద పెట్టింది. మరుసటి ఏడాదికి బ్యాండ్ దానంతటదే చెదిరిపోయింది. నెవిల్ గిటారు మాత్రం ముందుగది గోడకెక్కింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. శనివారం శనివారం దాని దుమ్ము దులిపేది మాత్రం గేనరే.

అయినా పాట ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం రెండింటి దాకా స్కూలు వంటింట్లో మూడొందల మంది పిల్లలకి వడ్డించి వచ్చి, ఇంట్లో సింకు ముందు నిలబడితే నోట్లోంచి దానంతటదే వచ్చేది. ఎవరివో పాటలు కాదు. అప్పటికప్పుడు పుట్టేవి. నెవిల్ స్నేహితులతో అనేవాడు: "మా ఆవిడ రేడియో లాంటిదిరా. కట్టేద్దామంటే స్విచ్చే లేదు."

రెండేళ్ల కిందట విన్నీ తుంటి విరగ్గొట్టుకుని వాళ్లింటికి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు తివాచీల మిల్లులో మగ్గం నడిపిన మనిషి. ఆ మోతకి నలభై దాటేసరికే రెండు చెవులూ పోయాయి. ఎవరైనా ఎదురుగా ఉండి మాట్లాడితే పెదవులు చూసి చదువుకుంటుంది. మిల్లు ఆడవాళ్లందరికీ ఆ విద్య వచ్చు. నెవిల్‌కి మాత్రం తల్లి చెవిటిదన్న సంగతి ఒక్కటే గుర్తు. పక్కగదిలోంచి అరుస్తాడు, జవాబు రాకపోతే "వినపడి చస్తేగా" అని ఊరుకుంటాడు. గేనర్ ఆవిడని పద్దెనిమిదేళ్లుగా "మిసెస్ హోల్‌రాయిడ్" అనే పిలుస్తోంది. వేరేలా పిలవమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఒళ్లు రుద్దుతున్నా, కాలికి మేజోడు తొడుగుతున్నా మిసెస్ హోల్‌రాయిడే.

ఆ ఆదివారం భోజనాలయ్యాక గేనర్ గిన్నెలు తోముతోంది. బయట వానమబ్బు కమ్మి కిటికీ అద్దం నల్లబడింది, వంటింట్లో దీపం వెలుగుతోంది. విన్నీ ఎప్పట్లాగే వెనక కుర్చీలో కూర్చుని ఉంది. గేనర్ నోట్లో వారం రోజులుగా ఒక పాట నలుగుతోంది. పాడుతూ పాడుతూ మూకుడు కడిగి బోర్లించింది.

"మార్చేశావ్" అంది విన్నీ.

గేనర్ వెనక్కి తిరిగింది. "ఏంటండీ?"

"పాట. నిన్నటిదాకా 'చల్లారకముందే రమ్మని పిలిచి పిలిచి, నేనే చల్లారిపోయాను' అని పాడావ్. ఇవాళ 'అన్నీ చల్లారిపోయాయి' అంటున్నావ్. నిన్నటిదే బాగుంది. మార్చకు."

గేనర్ చేతిలోని గిన్నె జారి నీళ్లల్లో పడింది. సబ్బు నురగ మొహం మీదికి చిమ్మింది. సింకు పైన కిటికీ అద్దంలో తన మొహం కనిపిస్తోంది. ఆ అద్దంలోనే వెనకాల కుర్చీలో ఉన్న విన్నీ కళ్లు కూడా కనిపిస్తున్నాయి. రెండేళ్లుగా ఆవిడ ఆ అద్దంలో తన పెదవులు చూస్తూనే ఉందన్నమాట. చెవులున్న ఇద్దరు మనుషులు ఆ ఇంట్లో ఆమె గొంతు రోజూ విన్నారు. ఒక్క మాట కూడా వాళ్ల బుర్రకెక్కలేదు. వినపడని మనిషికి రెండో చరణంలో మారిన మాట కూడా తెలుసు.

"మీకు... మొత్తం తెలుసా?"

"ఇదీ తెలుసు. చలికాలంలో పాడినవి తెలుసు. ఆ కొండమీది పొగమంచు పాట నాకంత నచ్చలేదు, మధ్యలో సాగదీశావ్" అంది విన్నీ. కాస్త ఆగి, "మావాడి గురించి పాడింది మాత్రం చాలా బాగుంది" అని కళ్లు ఎగరేసింది.

గేనర్ మొహం ఎర్రబడింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత సింకు అంచు పట్టుకుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని విన్నీ అడగలేదు. కర్ర తాటిస్తూ లేచి వచ్చి, నీళ్లలోంచి గిన్నె తీసి తుడిచిపెట్టింది.

తర్వాత నడిపించిందంతా విన్నీయే. బ్రయొనీ టేపురికార్డరు తెప్పించి బల్ల మీద పెట్టించి, "ఇందులోకి పాడు" అంది. లైబ్రరీ బోర్డు మీద ఒక ప్రకటన చూసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చించుకొచ్చింది. హెబ్డెన్ బ్రిడ్జిలో పాత మిల్లు మూడో అంతస్తులో స్టూడియో, కొత్త గొంతులు కావాలి, డిలిస్ ప్రైస్ అనే ఆవిడని కలవండి అని ఉంది. క్యాసెట్టు విన్నీయే పోస్టు చేసింది. పదిరోజులకి రమ్మని జవాబొచ్చింది. గేనర్ ఆ ఉత్తరం మడిచి జేబులో దాచుకుంది. "నెవిల్‌కి ఏం చెప్పను?" అంది.

"నాకు కాలి వ్యాయామం. మంగళవారం, గురువారం. ఆసుపత్రికి తోడు నువ్వు రావాలి. ఎన్నాళ్లంటే ఎప్పుడు నయమైతే అప్పటిదాకా" అంది విన్నీ. "వాడు అడగడు చూడు. నా కాలు ఏదో కూడా వాడికి గుర్తుండదు."

నిజంగానే అడగలేదు. "సాయంత్రం తిండి టైముకి వచ్చేస్తారుగా?" అన్నాడంతే.

డిలిస్ వేల్స్ నుంచి వచ్చిన మనిషి. యాభై ఏళ్లుంటాయి, కత్తిరించిన నెరిసిన జుట్టు, కోట్ మీద ఎప్పుడూ సిగరెట్ బూడిద. గిటారు ఆవిడే వాయించేది. ఆ గిటారు గోడకి వేలాడే రకం కాదు. గీతలు పడి, దాని స్పీకరు పెట్టెకున్న గుడ్డ చిరిగి, వాయిస్తే రేకు మీద గులకరాళ్లు దొర్లినట్టుండేది. "అందమైన పాటలు నాకొద్దు తల్లీ" అంది మొదటిరోజే. "నువ్వు సింకు దగ్గర ఎలా పాడతావో అలా పాడు. మోత సంగతి నేను చూసుకుంటాను."

కానీ గేనర్ పాడలేకపోయింది. చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించుకుని, అద్దాల గదిలో మైకు ముందు నిలబడగానే మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. బ్యాండ్ రోజుల్లో నెవిల్ అన్న మాట చెవిలో మోగింది: ముందుకి రాకు గేనర్, నీ గొంతు వెనకే బాగుంటుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. ఏడోసారి కూడా ఆగిపోయాక, అద్దానికి అవతల కూర్చున్న విన్నీ కర్ర పట్టుకుని లేచింది. కుర్చీని ఈడ్చుకొచ్చి సరిగ్గా గేనర్‌కి ఎదురుగా, అద్దానికి ఆనించి వేసుకుని కూర్చుంది. రెండు వేళ్లతో తన కళ్లు చూపించి, తర్వాత గేనర్ పెదవులు చూపించింది. ఇటు చూసి పాడు.

గేనర్ ఆవిడని చూసి పాడింది. ఒక్క మాట కూడా మింగకుండా, ప్రతి అక్షరం పెదవుల మీద నిలబెట్టి, ఎదుటి మనిషికి అందేలా పాడింది. మొదటి చరణం గుసగుసలా మొదలైంది. "నేనే చల్లారిపోయాను" దగ్గరికొచ్చేసరికి డిలిస్ గిటారు ఒక్కసారిగా విరుచుకుపడింది. గేనర్ గొంతు దాని మీదికి ఎక్కి నిలబడింది. అంత పెద్ద గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు. అదురు తెలిసేలా విన్నీ అరచెయ్యి స్పీకరు పెట్టె మీద ఆనించి ఉంది. పాట అయిపోగానే ఆవిడ డిలిస్ వైపు తిరిగింది.

"ఇది మా మగ్గాల గదే" అంది. "కానీ నీ డ్రమ్ము నెమ్మదిగా ఉంది. మగ్గం ఇంత నెమ్మదిగా నడిస్తే మేస్త్రీ వచ్చి తిట్టేవాడు." కర్రతో చెక్క నేల మీద తాళం వేసి చూపించింది. డిలిస్ సిగరెట్ పక్కన పెట్టి వింది. మరుసటి గురువారం డ్రమ్ముల మనిషి ఆ తాళమే వాయించాడు.

ఆ రోజు బస్సులో తిరిగొస్తూ విన్నీ చెప్పింది. "మిల్లులో మేమంతా పాడేవాళ్లం. అరవై మంది ఆడవాళ్లం. ఆ మోతలో ఎవరి పాట ఎవరికీ వినపడేది కాదు. ఎవరి గొంతు బాగుండేదో కూడా తెలీదు నాకు. పాటంటే అంతే అనుకున్నాను. ఆడదాని పాట దాని నోట్లోనే పుట్టి నోట్లోనే పోతుందని." కొంచెంసేపు కిటికీలోంచి వానని చూసి, "ఇక ఆ మిసెస్ హోల్‌రాయిడ్ ఆపు. విన్నీ అను. స్కూల్ ఇన్‌స్పెక్టర్ని పిలిచినట్టు చంపుతున్నావ్" అంది.

అట్ట మీద ఏ పేరు వెయ్యాలని డిలిస్ అడిగినప్పుడు గేనర్ కంటే ముందు విన్నీ జవాబు చెప్పింది. "హోల్‌రాయిడ్ అని వెయ్యకు. ఆ పేరు మీద ఇప్పటికే ఒక రికార్డు ఉంది." అలా తొంభై ఆరు వేసవిలో "చల్లారకముందే" అనే ఒక్కపాట రికార్డు గేనర్ సగ్‌డెన్ పేరు మీద వచ్చింది. సగ్‌డెన్ ఆమె పుట్టింటి పేరు. రచన కింద కూడా అదే పేరు. గేనర్ ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తడుముతూ కూర్చుంది.

మూడో వారం దాన్ని రేడియోలో వేశారు. నాలుగో వారం మళ్లీ మళ్లీ వేశారు. ఫ్యాక్టరీలో మిఠాయిలు చుట్టే ఆడవాళ్లు చేతులాపి విన్నారట. వాళ్లలో ఒకావిడ నెవిల్‌తో, "ఇది మీ ఆవిడ గొంతులా ఉందే" అంది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చాలాసేపు కోటు విప్పలేదు. "అందరి ముందూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా పెళ్లాం పాట నేను పరాయివాళ్ల నోట వినాలా?"

"ఇంట్లో రోజూ పాడాను నెవిల్. ఏళ్ల తరబడి."

ఆయన కోటుతోనే మళ్లీ బయటికి పోయాడు. కారులో ఒక్కడే కూర్చుని ఆ క్యాసెట్టు రెండుసార్లు వేసుకుని వినడం బ్రయొనీ చూసిందట. గేనర్‌కి ఆ సంగతి విని మనసు మెత్తబడింది. కానీ మరునాడు ఆయన గోడ మీది గిటారు దించి కొత్త తీగలు కట్టాడు. "పాట బానే ఉంది. గిటారే బాలేదు, ఎవరో రేకు డబ్బా వాయించినట్టుంది. తర్వాతది మన పాత బ్యాండు పేరుతో చేద్దాం. ముందు నేనుంటాను. నలుగురిలో మాట్లాడటం నీకు రాదు కదా" అన్నాడు. మెత్తబడిన మనసు మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

సెప్టెంబరులో లీడ్స్ రేడియోవాళ్లు మాట్లాడటానికి పిలిచారు. పొద్దున గుమ్మం దగ్గర నెవిల్, "నా పేరు చెప్పడం మర్చిపోకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ వ్యాఖ్యాత మంచివాడు. పాట గురించి అడిగాడు, స్కూలు వంటిల్లు గురించి అడిగాడు. తర్వాత, "మీవారు కూడా సంగీతకారుడేనట కదా. ఆయన అండ లేకుండా ఇంత దూరం వచ్చేవారు కాదేమో?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు గేనర్ నాలుక మీద ఎప్పుడో తయారుగా ఉంది. పద్దెనిమిదేళ్లుగా అక్కకీ, పక్కింటివాళ్లకీ, చర్చిలోవాళ్లకీ చెప్పిన జవాబే. అవునండీ, నా అదృష్టం. ఆమె నోరు తెరిచింది. ఎదురుగా స్టూడియో అద్దంలో తన పెదవులు కనిపించాయి.

"మావారికి తెలియదండీ" అంది. "నా పాట మొట్టమొదట విన్నది మా అత్తగారు. విన్నీ హోల్‌రాయిడ్. ఆవిడకి చెవులు వినపడవు."

వ్యాఖ్యాత చేతిలోని కాగితాలు పక్కన పెట్టి పాట వేశాడు.

ఇంటికొచ్చేసరికి నెవిల్ లేడు. విన్నీ వంటింట్లో కూర్చుని ఉంది. "ఏమన్నావే? వాడు రేడియో కట్టేసి తలుపు విసిరికొట్టి పోయాడు. తలుపు అదిరింది, అది మాత్రం తెలిసింది" అంది. గేనర్ ఆవిడ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, తను అన్న మాటలు ఉన్నవున్నట్టు మళ్లీ చెప్పింది. విన్నీ చదువుకుంది.

"ఉయ్యాలా మైకూ అన్నానే, అది చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు? అదీ నిజమేగా. నీ నోటికి తాళం వేసింది మావాడొక్కడే కాదు పిల్లా. ముందు వేసింది నేను."

గేనర్ వెంటనే కాదనలేదు. ఆ మాట బస్సులో వస్తూ ఆమె కూడా అనుకుంది. "ఆ కోపం నాకింకా పోలేదు విన్నీ" అంది. "మీరు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం కూడా నేను మర్చిపోలేను. రెండూ ఉన్నాయి."

"ఉండనీ" అంది విన్నీ. "రెండూ ఉంచుకో. ఒకదాని కోసం ఇంకోటి పారెయ్యకు." అని ఆమె చెంప మీద అరచెయ్యి పెట్టింది. మగ్గం దారాలకి కాయలు కాసిన గరుకు చెయ్యి. ఎవరో చెబితే కృతజ్ఞతగా ఉండటం వేరు, ఇలా లోపల్నుంచి పొంగడం వేరు. కృతజ్ఞత అంటే ఇంత తేలిగ్గా ఉంటుందని గేనర్‌కి ఆ రోజే తెలిసింది. తల వంచాల్సిన పనే లేదు అందులో.

నెవిల్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు డిలిస్ ఫోన్ చేసింది. అక్టోబరులో పదకొండు ఊళ్లు, ఒక పెద్ద బ్యాండ్‌కి ముందు అరగంట పాట. గేనర్ స్కూల్లో సెలవు అడిగింది, ఇచ్చారు. ఇంట్లో అడగలేదు, చెప్పింది. "మరి అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు నెవిల్.

"నీ తల్లినిరా నేను" అంది విన్నీ, కొడుకు పెదవులు చూసి. "నాకు స్నానం బుధవారం, ఆదివారం. నీళ్లు మరీ వేడిగా పెట్టకు."

బయల్దేరే రోజు పొద్దున వాన లేదు. వీధి చివర వ్యాన్ ఆగింది. ఇదివరకు అక్క ఇంటికి రెండు రోజులు వెళ్లినా గేనర్ నాలుగు పేజీలు రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించి వెళ్లేది. ఏ గిన్నెలో ఏముంది, ఏది ఎంతసేపు వేడిచెయ్యాలి, మందులెప్పుడు, చెత్తబండి ఎప్పుడు. నెవిల్ ఫ్రిజ్ ముందు నిలబడి అటూ ఇటూ చూశాడు.

"కాగితమేది?"

"ఈసారి రాయలేదు. మీ అమ్మనడుగు, ఆవిడకి అన్నీ తెలుసు."

"అమ్మకా? ఎంత అరిచినా ఆవిడకి—"

"అరవకు నెవిల్. పక్కగదిలోంచి పిలవకు. ఎదురుగా కూర్చుని, మొహం చూసి మాట్లాడు. ఆవిడకి అంతే కావాలి."

ఆయన అలాగే నిలబడ్డాడు. యాభై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషి, తన తల్లితో ఎలా మాట్లాడాలో మొదటిసారి వింటున్నట్టు. గేనర్ సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూసింది. నెవిల్ స్టూలు లాక్కుని విన్నీ ముందు కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు, అవసరం లేకపోయినా.

"అమ్మా, ఉతికిన చొక్కాలు ఎక్కడుంటాయి?"

విన్నీ కొడుకు మొహాన్ని తీరిగ్గా, ప్రేమగా చూసింది. ఆయన భుజం మీదుగా గుమ్మంలో ఉన్న గేనర్‌కి ఒక కన్ను గీటింది.

"మళ్లీ చెప్పు నాయనా" అంది. "నీ పెదవులు నాకింకా అలవాటు కాలేదు."